నీళ్ళు మోసే చేతులకు నీటి మీద హక్కుందా?

(ప్రపంచ నీటి సమస్యల మీద ఒక విశ్వవిద్యాలయం ఏడాది పొడవునా నిర్వహిస్తున్న కార్యక్రమాల్లో భాగంగా, మహిళా సంఘాల కార్యకర్తలూ విద్యార్థినులూ పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక విశ్వవిద్యాలయం ఒక ఏడాదంతా నీళ్ళ గురించే మాట్లాడుకోవాలని నిర్ణయించుకోవడం మంచి సంగతి. కార్యక్రమ పత్రం నాకు ముందే పంపారు. ఆనకట్టల గురించి ఇంజనీర్లు, భూగర్భ జలాల గురించి శాస్త్రవేత్తలు, అంతర్రాష్ట్ర తగాదాల గురించి న్యాయశాస్త్రం వాళ్ళు, నీటి ధర గురించి అర్థశాస్త్రం వాళ్ళు మాట్లాడుతున్నారు. ఏడాది మొత్తంలో ‘మహిళలు - నీరు’ అని ఒక పూట ఉంది. ఆ పూట ఇవాళ మధ్యాహ్నం, భోజనాల తర్వాత, అందరికీ కునుకు వచ్చే వేళ. ఫర్వాలేదు, మిగిలిన వేళతో సరిపెట్టుకోవడం మనకు కొత్త కాదు.

ఇలాంటి సభలు సాధారణంగా భూగోళం బొమ్మతో మొదలవుతాయి. భూమ్మీదున్న నీళ్ళలో 97.5 శాతం ఉప్పునీరు. మిగిలిన రెండున్నర శాతంలో ఎక్కువ భాగం మంచుగడ్డల్లో ఉంది. మనిషి తోడుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం వ్యవసాయానికి పోతుంది. ఇవన్నీ నిజాలే, తెలుసుకోవలసినవే. అయితే ఈ లెక్కలన్నీ నది దగ్గరో జలాశయం దగ్గరో, మహా అయితే గొట్టం చివరో ఆగిపోతాయి. గొట్టం చివరి నుంచి వంటింట్లో గోలెం దాకా నీళ్ళు ఎలా వచ్చాయన్నది ఆ బొమ్మలో ఉండదు. నేను మాట్లాడదలచుకున్నది ఆ చివరి దూరం గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2023లో ఒక నివేదిక ఇచ్చాయి. ఇంటి ఆవరణలో నీటి వసతి లేని కుటుంబాల్లో ప్రపంచం మొత్తం మీద 180 కోట్ల మంది బతుకుతున్నారట. అలాంటి ప్రతి పది ఇళ్ళలో ఏడింట నీళ్ళు తెచ్చే బాధ్యత ఆడవాళ్ళది. మగవాళ్ళు తెచ్చేది మూడిళ్ళలో. యునిసెఫ్ 2016లో వేసిన అంచనా ప్రకారం స్త్రీలూ ఆడపిల్లలూ నీళ్ళు తేవడానికి రోజూ ఖర్చు చేసే సమయం 20 కోట్ల గంటలు. నీటిని లీటర్లలో, ఘనపు మీటర్లలో, టీఎంసీల్లో కొలవడం మనకు తెలుసు. గంటల్లో కొలవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

మనమే ఒక చిన్న లెక్క వేసుకుందాం. జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని చెప్పింది. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే పద్దెనిమిది బిందెలు పైచిలుకు. వీధి కుళాయి రెండు వందల మీటర్ల దూరంలో ఉంటే, నెత్తి మీద ఒకటీ చంకలో ఒకటీ పెట్టుకుని వచ్చినా తొమ్మిది సార్లు తిరగాలి. పోనూ రానూ మూడున్నర కిలోమీటర్లు దాటుతుంది, అందులో సగం దూరం ముప్ఫై కిలోల బరువుతో. కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ సేపు ఇందులో కలపలేదు. గొడ్డూ గోదా ఉంటే వాటి నీళ్ళూ కలపలేదు. అందుకే ఆచరణలో ఏ ఇల్లాలూ 275 లీటర్లు తేదు. తేగలిగినంత తెచ్చి, ముందు తన స్నానం నీళ్ళు తగ్గించుకుంటుంది, తర్వాత తను తాగే నీళ్ళు. ‘తలసరి వినియోగం’ అని మనం రాసుకునే అంకె వెనక ఈ తగ్గింపు ఉంది.

ఇక్కడున్న అర్థశాస్త్రం విద్యార్థినులకు ఒక సంగతి చెప్పాలి. జాతీయాదాయం ఎలా లెక్కగట్టాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. 1993లో దాన్ని సవరించినప్పుడు ఇంటికి నీళ్ళు మోసుకురావడాన్ని ఉత్పత్తిగానే గుర్తించారు. వంట ఉత్పత్తి కాదట, అంట్లు తోమడం కాదట, పిల్లల్ని సాకడం కాదట. నీళ్ళు తేవడం మాత్రం ఉత్పత్తే, ముడిచమురు తోడి గొట్టాల్లో పంపడం లాంటి పనే అని వివరణ కూడా ఇచ్చారు. అంటే సూత్రం ప్రకారం బిందెతో నడిచే మనిషికీ చమురు కంపెనీకీ ఒకే వరసలో చోటుంది! కంపెనీ పద్దు మాత్రం ఏటా పత్రికల్లో వస్తుంది. బిందె పద్దు ఎక్కడైనా కనబడిందేమో మీ ప్రొఫెసర్లను అడగండి. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి చాకిరీ చేసే స్త్రీలు అందుకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024లో మళ్ళీ సర్వే చేస్తే 289, 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గింది, సంతోషం. మగవాళ్ళకు తొమ్మిది తగ్గింది.

ఇక హక్కుల సంగతి. కాగితం మీద మనకు హక్కులు తక్కువేం లేవు. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ రూపుమాపడానికి ఐక్యరాజ్య సమితి 1979లో ఆమోదించిన ఒప్పందంలో పద్నాలుగో అధికరణం గ్రామీణ స్త్రీలకు నీటి వసతి హక్కుగా ఉండాలని పేరు పెట్టి చెప్పింది. మన దేశం దాన్ని 1993లో ధ్రువీకరించింది. 2010 జూలై 28న సర్వప్రతినిధి సభ నీటినీ పారిశుధ్యాన్నీ మానవ హక్కుగా గుర్తించింది. 122 దేశాలు అనుకూలం, వ్యతిరేకం ఒక్కటీ లేదు, 41 దేశాలు ఓటెయ్యకుండా ఊరుకున్నాయి. మన దేశం అనుకూలంగా ఓటేసింది. హైదరాబాదుకు నీళ్ళిచ్చిన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల కాలుష్యం కేసులో మన సుప్రీంకోర్టు కూడా తాగునీరు జీవించే హక్కులో భాగమని 2000లో చెప్పింది.

మరి హక్కు ఉన్నట్టా లేనట్టా? నాకు తోచేది ఇది. నీటి మీద హక్కు ఎప్పుడూ ఒంటరిగా రాదు, దేనికో ఒకదానికి కట్టేసి వస్తుంది. భూమికి, ఇంటి పట్టాకు, మీటరుకు, కులానికి. అవి ఎవరి పేరున ఉన్నాయో నీళ్ళూ వాళ్ళవే. నీళ్ళు మోసే మనిషి పేరు వాటిలో దేని మీదా లేకపోతే ఆమె మోస్తుంది, అంతే.

1992 జనవరిలో డబ్లిన్‌లో నీటి మీద పెద్ద అంతర్జాతీయ సమావేశం జరిగింది. నాలుగు సూత్రాలు ప్రకటించారు. నీటిని సమకూర్చడంలో, నిర్వహించడంలో, కాపాడడంలో స్త్రీలది కీలక స్థానమని మూడో సూత్రం. నీటికి ఆర్థిక విలువ ఉంది కనక దాన్ని ఆర్థిక సరుకుగా చూడాలని నాలుగో సూత్రం. ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి. వీటిలో ఊళ్ళు తిరిగింది ఏదో మనందరికీ తెలుసు. నాలుగో సూత్రం బొలీవియాలోని కొచబాంబా నగరానికి వెళ్ళింది. 1999లో నీటి సరఫరాను విదేశీ భాగస్వామ్యం ఉన్న ప్రైవేటు కంపెనీకి నలభై ఏళ్ళకు అప్పగించారు. బిల్లులు చూసి జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో పదిహేడేళ్ళ కుర్రవాడు చనిపోయాడు, 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దయింది. పదేళ్ళ తర్వాత సమితిలో నీటి హక్కు తీర్మానం పెట్టింది ఆ బొలీవియానే. మూడో సూత్రం మాత్రం సెమినార్లలో ఉండిపోయింది.

మన దగ్గరికే వద్దాం. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల్ని రైతులే నిర్వహించుకోవాలని ఒక చట్టం చేసింది. అదే ఏడు జూన్‌లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశమంతా దీన్ని ఆదర్శంగా చెప్పుకుంది. ఆ చట్టంలో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళకు, కౌలుదారుంటే కౌలుదారుకు. నీళ్ళు వాడుకునే మిగతా వాళ్ళందరూ సభ్యులే, కానీ ఓటు లేని సభ్యులు. కాలవ అంటే పొలానికి పారే నీరు మాత్రమే అయితే ఈ ఏర్పాటులో తప్పు కనబడదు. కానీ కాలవ గట్టు మీద బట్టలుతికేదెవరు? గేదెల్ని కడిగేదెవరు? డెల్టా ఊళ్ళలో వేసవిలో కాలవ నీళ్ళతో నింపుకునే మంచినీళ్ళ చెరువు నుంచి బిందె ముంచేదెవరు? నాట్లేసి, కలుపు తీసి, నీళ్ళెప్పుడొస్తాయో చూసుకుని కూలికి పోయేదెవరు? కాలవ ఏ రోజు వదలాలి, ఏ రోజు కట్టెయ్యాలి అన్నది ఈ పనులన్నిటినీ తాకే నిర్ణయం. ఆ నిర్ణయంలో ఓటు పాస్‌బుక్కుకే ఉంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపే వాళ్ళలో స్త్రీలు నూటికి సుమారు 14 మంది. ఆడపిల్లలకు పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, దేశం మొత్తానికి 2005లో. అంత ముందున్నాం. అయినా పొలంలో వాటా అడిగిన ఆడపడుచుకు పుట్టింట్లో ఏం మర్యాద దక్కుతుందో ఈ హాల్లో ఉన్న చాలామందికి నేను చెప్పక్కర్లేదు. మనం ఆస్తి హక్కు ఒక విభాగంగా, నీళ్ళు మరో విభాగంగా విడదీసి పనిచేస్తున్నాం. పొలంలో వాటా వదులుకుంటున్నప్పుడే ఆమె కాలవ మీద ఓటూ వదులుకుంటోంది.

భూమి లోపలి నీళ్ళ కథ ఇంకా పాతది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన హద్దుల్లో నేల కింద ఉన్న నీటిని తోడుకునే హక్కు ఆ నేల యజమానిది. బ్రిటిష్ వాళ్ళు బావులూ మోటలూ ఉన్న కాలంలో రాసిన మాట, వెయ్యడుగుల బోర్ల కాలంలో కూడా మన నెత్తిన ఉంది. ఒకాయన పొలంలో బోరు దించుతాడు, పక్క వాడలో చేతి పంపు ఎండిపోతుంది. మనకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వెయ్యకూడదని చెప్పింది. మంచి చట్టం. చేతి పంపు ఎండిపోయిందని మొదట తెలిసేది పంపు కొట్టే మనిషికే గనక ఫిర్యాదు రాయవలసిందీ ఆమే. ఆ 250 మీటర్ల సంగతి ఆమెకు ఎవరు చెప్పారు?

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం. దక్షిణాఫ్రికా రాజ్యాంగం 1996లో తయారైంది. ప్రతి ఒక్కరికీ చాలినంత నీరు పొందే హక్కుందని అందులో నేరుగా రాసుకున్నారు, మన రాజ్యాంగంలో లేని మాట. జొహన్నెస్‌బర్గ్ నగరాన్ని ఆనుకుని నల్లవాళ్ళు ఉండే సొవెటో ఉంది, అందులో ఫిరి అనే పేద వాడ. అక్కడ అంతకుముందు నెలకింత అని ఒక అంచనా రేటు మీద నీళ్ళు వచ్చేవి. 2004 ప్రాంతంలో నగర నీటి సంస్థ ముందే డబ్బు కట్టే మీటర్లు పెట్టింది. ఆ పథకానికి జులూ భాషలో ‘నీళ్ళు పొదుపు చెయ్యండి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంటికి నెలకు ఆరువేల లీటర్లు ఉచితం. అవి అయిపోతే మీటరు దానంతటదే కట్టేస్తుంది. డబ్బు కట్టి మళ్ళీ కొనుక్కోవాలి. మీటరు వద్దనుకుంటే పెరట్లో ఒక కుళాయి.

ఆరువేల లీటర్లు అంటే ఎనిమిది మందికి తలా రోజుకు పాతిక లీటర్లు. కానీ ఫిరిలో ఒక ఇంటి స్థలంలో ఒక కుటుంబమే ఉండదు. పెరట్లో రేకుల గదులు, వాటిలో అద్దెకున్న వాళ్ళు, అందరికీ కలిపి ఒక్క మీటరు. పదహారు మందయితే తలా పన్నెండున్నర లీటర్లు. నెల మధ్యలోనే నీళ్ళు ఆగిపోతాయి. అదే నగరంలో తెల్లవాళ్ళుండే సంపన్న ప్రాంతాల్లో వాడుకున్నాక బిల్లు వస్తుంది, కట్టకపోతే నోటీసు వస్తుంది, గడువిస్తారు. ఫిరిలో నోటీసు లేదు, ఎదురుగా మాట్లాడడానికి మనిషి కూడా లేడు. యంత్రంతో ఏం వాదిస్తాం?

ఫిరి వాసులు అయిదుగురు కోర్టుకెళ్ళారు. మొదటి అర్జీదారు లిండివే మాజిబుకో పేరుతోనే అది న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. 2008లో హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. మనిషికి రోజుకు 50 లీటర్లివ్వాలంది, ముందే డబ్బు కట్టే మీటర్లు చెల్లవంది. నీళ్ళ చాకిరీ స్త్రీల మీద పడే సమాజంలో ఈ మీటరు స్త్రీల పట్ల వివక్ష అవుతుందని కూడా ఆ న్యాయమూర్తి రాశారు. ఇలాంటి వాక్యం తీర్పులో చూడడం అరుదు. 2009 మార్చిలో అప్పీలు కోర్టు 50ని 42 చేసింది. అదే ఏడాది అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం మొత్తం తీర్పునే కొట్టేసింది. ఎన్ని లీటర్లన్నది కోర్టు నిర్ణయించదు, ప్రభుత్వ విధానం సమంజసంగా ఉందా లేదా అన్నదే చూస్తుంది, ఇది సమంజసంగానే ఉంది అని తేల్చింది. కేసు నడిచిన కాలంలో నగరపాలక సంస్థ తన విధానాన్ని కొంత సడలించుకుంది, అది ఆ స్త్రీల పోరాట ఫలితమే. కానీ రాజ్యాంగంలో హక్కు ఉండీ, గట్టి న్యాయవాదులు ఉండీ, ‘చాలినంత’ అనే మాటకు అర్థం చెప్పే అధికారం మాత్రం మోసేవాళ్ళ చేతికి రాలేదు.

మన పట్టణాల్లో నీటి మీటర్ల మాట వచ్చినప్పుడల్లా నాకు ఫిరి గుర్తొస్తుంది. మీటరు అనగానే నేను వ్యతిరేకిని కాను, ఈతకొలనున్న ఇంటికి మీటరు పెట్టాల్సిందే. ఒక మీటరు వెనక ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా పెట్టకండి అంటున్నాను.

భూమి, ఇల్లు, మీటరు అయ్యాయి. కులం మిగిలింది. ప్రపంచ నీటి సమస్యల గురించిన పుస్తకాల్లో దీనికి అధ్యాయం ఉండదు, అందుకని ఇక్కడ కాసేపు ఆగుతాను.

మార్చి 22 ప్రపంచ నీటి దినం, 1993 నుంచీ జరుపుకుంటున్నాం. దానికి రెండు రోజుల ముందు, మార్చి 20, మన దేశానికి అంతకంటే పెద్ద నీటి దినం. 1927లో ఆ రోజున మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువులో దిగి నీళ్ళు తాగాడు. ప్రభుత్వ చెరువులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా నాలుగేళ్ళ పాటు అస్పృశ్యులెవరూ ఆ నీళ్ళు తాకలేకపోయారు. తాకిన రోజున కొట్టారు, తర్వాత కోర్టుకు లాగారు. హైకోర్టు తీర్పు 1937లో గాని రాలేదు.

మన కారంచేడు సంగతి చూడండి. 1985 జూలై 16. మాదిగపల్లె వాళ్ళు తాగే మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక పెత్తందారీ కులం యువకుడు గేదెల కుడితి బకెట్లు కడుగుతున్నాడు, ఆ మురికి చెరువులోకి పోతోంది. ఇవి మేం తాగే నీళ్ళని ఒక మాదిగ కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. ఆమె మీదికి వస్తే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు 17న ఆ పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. చీరాల శిబిరం, దళిత మహాసభ, ఆ తర్వాతి చరిత్ర మీకు తెలుసు.

దీన్ని మనం కులదాడి అంటాం, అది నిజం. కానీ నీటి సమస్యల మీద ఏడాది పాటు జరిగే చర్చలో ఇది ఏ విభాగం కిందికి వస్తుందో ఒకసారి ఆలోచించండి. తాగే నీళ్ళలో మురికి కలపొద్దని ఆ కుర్రవాడూ ఆమే అడిగారు. దీన్నే మీ భాషలో నీటి నాణ్యత అంటారు. దానికి ప్రమాణాలున్నాయి, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములని పట్టికలున్నాయి. నీటి నాణ్యత గురించి మాట్లాడే హక్కు ఎవరికుందన్న దానికి మాత్రం పట్టిక లేదు. ఊళ్ళో ఒకే చెరువో రెండు చెరువులో, పైపు మాదిగవాడ దాకా వచ్చిందో ముందు వీధిలోనే ఆగిందో, ట్యాంకరు వచ్చినప్పుడు మొదట ఎవరు పట్టుకుంటారో ఇవి కూడా జలవనరుల పటంలో గుర్తించవలసిన విషయాలే. స్త్రీలందరి నీళ్ళ కష్టం ఒక్కటే అని మన సంఘాల్లో కూడా తేలిగ్గా అనేస్తుంటాం. ఒకామెకు కుళాయి రెండు వందల మీటర్లు. ఇంకొకామెకు కుళాయి పది అడుగులే, కానీ ముందు పై కులం వాళ్ళు పట్టుకుని పోయేదాకా నిలబడాలి.

విశ్వవిద్యాలయం ఏం చేయగలదని నిర్వాహకులు నన్ను అడిగారు. శాస్త్రం చేయగలిగింది చాలా ఉంది, ఎటొచ్చీ ఒంటరిగా చేయలేదు. ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లాలో. నీళ్ళలో పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. ఆ పేరు తూర్పు ఆఫ్రికా దాకా వెళ్ళింది. నల్గొండ వాళ్ళు మాత్రం 1996 లోక్‌సభ ఎన్నికల్లో, తమ నీళ్ళ గోస దేశానికి వినబడాలని జలసాధన సమితి పిలుపుతో వందల నామినేషన్లు వేశారు. 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వెయ్యాల్సి వచ్చింది. రోగం పేరు తెలిసిన అరవై ఏళ్ళకు ఆ పరిస్థితి.

ఆ పద్ధతి ఇళ్ళలో ఎందుకు నిలబడలేదో ఒక్క మాట. బకెట్టులో కొలత ప్రకారం పటిక, సున్నం వెయ్యాలి, కలపాలి, తేరుకునేదాకా ఆగాలి, పైనీళ్ళు ఒంపుకోవాలి, అడుగున మిగిలిన మడ్డి జాగ్రత్తగా పారబోయాలి. రోజూ. కాగితం మీద ఇది చవకైన సాంకేతికం. చవక ఎందుకయిందంటే కలిపే చేతులకు కూలి లెక్కెయ్యలేదు గనక. ‘ఇంటి స్థాయి పరిష్కారం’ అని ఎవరైనా చెప్పినప్పుడు, ఇంట్లో ఎవరి స్థాయి అని అడగడం మర్చిపోకండి.

శాస్త్రవేత్తలూ తల్లులూ కలిసి పనిచేసిన కథ అమెరికాలో ఉంది. మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే నగరం, సగానికి పైగా నల్లజాతి వాళ్ళు. ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్‌లో అక్కడ నీటిని వేరే నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. గొట్టాలు కరక్కుండా వేయాల్సిన మందు వెయ్యలేదు, సీసం నీళ్ళలో కలిసింది. రంగు మారిన నీళ్ళ సీసాలు పట్టుకుని తల్లులు సభలకు వెళ్తే అధికారులు బాగానే ఉన్నాయన్నారు. చివరికి వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం నుంచి మార్క్ ఎడ్వర్డ్స్ బృందం పరీక్ష సీసాలు పంపింది, ఫ్లింట్ జనమే ఇంటింటికీ తిరిగి వందలాది నమూనాలు పట్టారు. 2015 సెప్టెంబరులో ఫలితాలు బయటపెట్టారు, అక్టోబరులో నీళ్ళు మార్చక తప్పలేదు. అక్కడ నమూనా పట్టిన వాళ్ళకే ఫలితం తిరిగి చేరింది. మన ఊళ్ళలో ఎన్ని సర్వేల వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళలేదు! వాటి ఫలితం ఎవరికైనా తిరిగొచ్చిందా? ఈ విశ్వవిద్యాలయం ఈ ఏడాది ఎక్కడ నమూనాలు సేకరించినా, ఆ ఊరి స్త్రీలకు తెలుగులో ఒక కాగితం తిరిగివ్వాలని నిర్వాహకులకు నా విన్నపం. అలాగే ఈ ప్రాంగణంలో కాంట్రాక్టు మీద ఊడ్చి తుడిచే స్త్రీలు మధ్యాహ్నం తాగేందుకు నీళ్ళెక్కడ పట్టుకుంటారో కూడా ఏదో ఒక విభాగం కనుక్కుంటే బాగుంటుంది.

పథకాలు లేవని నేననడం లేదు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ ఇళ్ళకే కుళాయి ఉండేది, తర్వాత ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఇంట్లో కుళాయి వస్తే ఒక ఆడపిల్ల బడి మానకుండా ఉంటుంది, నడుము నొప్పి తగ్గుతుంది. అది చిన్న మార్పు కాదు. కుళాయి ఉండడం వేరు, కుళాయిలో నీళ్ళుండడం వేరన్న సంగతి కూడా మీకు తెలుసు. ఆ పథకం నిబంధనల్లో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఊరి నీటి కమిటీలో కనీసం సగం మంది స్త్రీలుండాలి. ప్రతి ఊళ్ళో అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష కిట్టు వాడడం నేర్పాలి.

ఇవి ఎలా అమలవుతున్నాయో ఎక్కడో ఢిల్లీలో వెతకక్కర్లేదు. మీ పంచాయతీలో కమిటీ సభ్యుల జాబితా అడగండి. తీర్మానాల పుస్తకం అడగండి, అందులో స్త్రీల సంతకాలు ఒకే చేతిరాతలో ఉన్నాయేమో చూడండి. కిట్టు ఎవరి దగ్గరుందో, పరీక్ష చేసే ఆమెకు ఏమైనా ఇస్తున్నారో, నీళ్ళు చెడ్డవని తేలితే ఆమె ఎవరికి చెప్పాలో, చెప్పాక ఏం చేశారో రాతపూర్వకంగా అడగండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మన దగ్గర గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. తెల్లకాగితం చాలు. జవాబుకు ముప్ఫై రోజుల గడువు. ఈ సభ అయ్యాక టీ ఇస్తారట. టీ తాగి మళ్ళీ ఈ హాల్లోకే వస్తే, ఎవరి ఊరి దరఖాస్తు వాళ్ళం ఇక్కడే కూచుని రాద్దాం. కాగితాలు నేను తెచ్చాను.